పండుగంతా 25కి ముందే అయిపోతోందా?

ప్రశ్న: మా ఇంట్లో క్రిస్మస్ అంటే నెల రోజుల పరుగు. డిసెంబరు మొదలైతే ఆదివారాలూ సాయంత్రాలూ ఏదో ఒక కార్యక్రమానికే పోతాయి. పెద్దవాళ్లం 12 మందిమి ఒకరికొకరం కానుకలు ఇచ్చుకుంటాం. పిల్లలు ఐదుగురు. 25న వంటంతా నేనూ నా తోడికోడలూ చేస్తాం, అందరూ వెళ్లేసరికి కూర్చునే ఓపిక కూడా ఉండదు. పోయిన ఏడాది మా తొమ్మిదేళ్ల బాబు కానుకలన్నీ విప్పేసి "ఇంతేనా?" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది. ఈ ఏడాది మామయ్యగారు కూడా లేరు. అత్తయ్యను అడిగితే "ఈసారి ఏం చేస్తాంలే అమ్మా" అంటున్నారు. తగ్గిస్తే చుట్టాలు ఏమనుకుంటారోనని భయం, తగ్గించకపోతే నా వల్ల కాదు. పండుగ తేలిగ్గా జరగాలి, దానికో అర్థం ఉండాలి. ఎలా? – ఒక పాఠకురాలు

సమాధానం: మీ బాబు మాటను తప్పుగా తీసుకోకండి. నెల రోజులుగా ఇంటిల్లిపాదీ దేనికోసమో పరుగెత్తడం వాడు చూశాడు. చివరికి అది ఇరవై నిమిషాల్లో కాగితాల కుప్పయింది. వాడు అడిగింది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు చర్చి పంచాంగంలోనే ఉంది.

సంఘ సంప్రదాయంలో డిసెంబరు 25 పండుగకు చివరి రోజు కాదు, మొదటి రోజు. ఆ రోజు నుంచి లెక్కపెడితే జనవరి 5 పన్నెండో రోజు. జనవరి 6న, నక్షత్రాన్ని చూసి బాలయేసును వెతుక్కుంటూ వచ్చిన జ్ఞానుల రాకను తలచుకునే ఎపిఫనీ పండుగ. 25కి ముందున్న నాలుగు ఆదివారాలూ అడ్వెంట్, అంటే ఎదురుచూపు. అడ్వెంట్ మొదటి ఆదివారం ఎప్పుడూ నవంబరు 27కూ డిసెంబరు 3కూ మధ్య పడుతుంది. 2026లో అది నవంబరు 29. మనం ఎదురుచూడాల్సిన రోజుల్లో పండుగ చేసేసుకుని, పండుగ చేసుకోవాల్సిన రోజుల్లో అలసి పడుకుంటున్నాం. కాబట్టి మొదటి పనిగా దేన్నీ కొట్టేయకండి. 25కి ముందు కుక్కిన పనుల్లో సగాన్ని 25 తర్వాతకు జరపండి. మీ సంఘంలో అడ్వెంట్ పాటించకపోయినా ఇంట్లో పాటించుకోవడానికి అడ్డేమీ లేదు.

ఏది జరపాలి, ఏది మానాలి అనేది మీరొక్కరే తేల్చకండి. నవంబరు మొదటి వారంలో ఇంట్లో ప్రతి ఒక్కరినీ విడివిడిగా ఒకటే అడగండి: "ఏ రెండు లేకపోతే నీకు క్రిస్మస్ అనిపించదు?" రెండే చెప్పాలి. అందరినీ కూర్చోబెట్టి అడిగితే మొదట మాట్లాడిన పెద్దవాళ్ల మాటనే మిగతావాళ్లు అంటారు, పిల్లలైతే కానుకలంటారు. విడిగా అడిగితే వేరే జవాబులు వస్తాయి. నక్షత్రం కట్టేటప్పుడు నిచ్చెన పట్టుకోవడం, రాత్రి ఆరాధన నుంచి చలిలో నడిచి రావడం, ఫలానా పాట – ఇలా పైసా ఖర్చులేని చిన్న విషయాలు బయటపడతాయి. ఎవరూ పేరెత్తని పనిని ఈ ఏడాదికి మానేయవచ్చు. ఒక్కరే కోరినదాన్ని ఉంచండి, కానీ దాని బాధ్యత ఆ ఒక్కరిదే. తమ చేతి మీదికి వచ్చాక చాలామంది తామే వదిలేస్తారు, అప్పుడు మీ మీద నింద ఉండదు.

తర్వాత ఒక కాగితం మీద డిసెంబరు 1 నుంచి జనవరి 6 వరకు గళ్లు గీయండి. నవంబరు 30కి ముందే రెండు శనివారాలూ, వారానికి మూడు సాయంత్రాలూ "ఖాళీ" అని పెన్నుతో రాసేయండి. పెన్సిల్‌తో రాసినవి చెరిగిపోతాయి. కొత్తగా ఒక కార్యక్రమానికి ఒప్పుకుంటే ఉన్నవాటిలో ఒకటి తీసేయాలి. నాలుగో అడ్వెంట్ వారాన్ని నమ్ముకుని పనులు పెట్టుకోకండి, అది ప్రతి ఏడాదీ ఏడు రోజులుండదు. 2023లో నాలుగో ఆదివారమే డిసెంబరు 24న పడింది, ఆ "వారం" ఒక్క పగలు మాత్రమే. బంధువుల ఇళ్లకు వెళ్లడం, ఫొటోలు పంపడం, స్నేహితుల్ని పిలవడం లాంటివన్నీ డిసెంబరు 26 తర్వాతి గళ్లలోకి వెళ్లాలి, రోజుకు ఒకటికి మించకుండా. 27న గుమ్మంలోకి వచ్చే అతిథితో నిమ్మళంగా మాట్లాడవచ్చు. 23న వచ్చినవాళ్లకు మీ వీపు తప్ప ముఖం కనిపించదు.

ఇక కానుకలు. 12 మంది పెద్దవాళ్లలో ప్రతి ఒక్కరూ మిగతా 11 మందికీ ఇస్తే మొత్తం 132. ఇన్ని కొని, చుట్టి, ఎవరిది ఎవరికో గుర్తుపెట్టుకోవడంలోనే మీ డిసెంబరు కరిగిపోతోంది. చీటీలు వేసుకుని ఒక్కొక్కరు ఒక్కరికే ఇస్తే 12తో సరిపోతుంది. అయితే గిన్నెలో చీటీలు వేసి తీస్తే ఎవరో ఒకరికి తన పేరే వచ్చే అవకాశం సుమారు 63 శాతం. అందుకే చాలా ఇళ్లలో రెండు మూడుసార్లు తీసి, విసుగొచ్చి, చివరికి ఎవరికి ఎవరో అందరికీ తెలిసిపోతుంది. దీనికి తేలికైన పద్ధతి ఉంది. పేర్లు రాసిన చీటీలను బాగా కలిపి బల్ల మీద గుండ్రంగా పేర్చండి. ప్రతివారూ తమ కుడిపక్క చీటీలో ఉన్నవారికి ఇస్తారు. సొంత పేరు రావడమన్నదే ఉండదు. భార్యాభర్తలు పక్కపక్కన పడితే ఒక చీటీని ఎదురువైపుకు జరిపితే చాలు. ఈ పని పిల్లల్లో కాస్త పెద్దవాళ్లకు అప్పగించండి. వాళ్లు ఈ పన్నెండుమందిలో లేరు కాబట్టి రహస్యం చెడదు, పైగా ఎంతో గొప్పగా దాచిపెడతారు. ఎంతలోపు కొనాలో ఒక హద్దు ముందే పెట్టండి. ఆ హద్దు కుటుంబంలో ఆదాయం అందరికన్నా తక్కువున్నవారికి సుఖంగా ఉండాలి. అది ఎంతో వాళ్లను అడగకండి, మీరే ఊహించి దానికన్నా ఇంకొంచెం తగ్గించండి.

ఈ మాట చుట్టాలకు చెప్పడానికి నవంబరు 15 దాటనివ్వకండి. ఎవరైనా అప్పటికే కొనేసి ఉంటే "కానుకలు వద్దు" అన్నది "మీ కానుక వద్దు" అని వినిపిస్తుంది. మీ భయమంతా దీని గురించే కాబట్టి మాటలు కూడా చూసుకుందాం. అత్తింటివారికి మీ ఆయన చెప్పాలి, పుట్టింటివారికి మీరు చెప్పాలి. కోడలు తగ్గించిందన్న మాట రావడానికి సందు ఇవ్వొద్దు. వాట్సాప్‌లో పెట్టేముందు పెద్దవాళ్లకు ఫోన్ చేయండి. ఇలా చెప్పవచ్చు: "పెద్దమ్మా, నాన్నగారు లేని మొదటి క్రిస్మస్ కదా, ఈసారి అందరం ఎక్కువసేపు కలిసి కూర్చోవాలని ఉంది. అందుకని పెద్దవాళ్లకు చీటీలు వేసుకుందాం అనుకుంటున్నాం. పిల్లల సంగతి మామూలే. ఈ ఒక్క ఏడాది చేసి చూద్దాం, బాగోలేకపోతే వచ్చే ఏడాది పాత పద్ధతే." ఒక్క ఏడాది అన్నందుకు ఎవరూ పెద్దగా ఎదురు చెప్పరు. ఖర్చు, ఓపిక, ఆడంబరం అన్న మాటలు ఎత్తకండి. అవి నిజమే కావచ్చు, కానీ వినేవారికి పోయిన ఏడాది తాము ఇచ్చినదాని మీద తీర్పులా తగులుతాయి. అయినా ఒకరిద్దరు కానుక తెస్తారు. సంతోషంగా తీసుకోండి, బదులుకు ఏదో వెతికి ఇవ్వకండి. ఇచ్చారంటే పద్ధతి అక్కడే పాతదానికి తిరిగిపోతుంది.

పిల్లలకు మూడు. తల్లిదండ్రుల నుంచి ఒకటి. పెద్దవాళ్లందరూ కలిసి ఐదుగురికీ ఉమ్మడిగా ఒకటి – బోర్డు ఆట, డేరా, బయట ఆడుకునే సామాను ఏదైనా. మూడోది చిన్నది, జనవరి 6న. ఉమ్మడి కానుకతో వచ్చే తగువు అది ఎవరింట్లో ఉండాలన్నదే. అది నానమ్మగారింట్లోనే ఉంటుందని విప్పకముందే చెప్పేయండి, పిల్లలు అక్కడికి రావడానికి ఒక కారణం కూడా దొరుకుతుంది. 25న కానుకలు విప్పేటప్పుడు అందరూ ఒకేసారి చించకూడదు. అందరికన్నా చిన్నవాళ్లతో మొదలుపెట్టి ఒక్కొక్కరు ఒక్కటి, ఎవరిచ్చారో పైకి చదివి, మిగతావాళ్లు చూస్తుండగా విప్పాలి. ఆరాధనకు ముందు విప్పితే ఆరాధనలో పిల్లల మనసు ఇంటి దగ్గరే ఉంటుంది, కాబట్టి భోజనాలయ్యాక పెట్టుకోండి. ఈ మార్పులన్నీ మీ బాబుకు రెండు వారాల ముందే తెలియాలి. ఏవి లేవో చెప్పకండి, ఏ రోజు ఏముందో ఆ గళ్ల కాగితం మీద చూపించండి. చెట్టు ముందు నిలబడ్డాక తెలిస్తే ఏ పిల్లాడికైనా కళ్లలో నీళ్లు తిరుగుతాయి.

ఇంతవరకూ చెప్పినది బరువు దించడం. దించినచోట ఏదీ పెట్టకపోతే మూడేళ్లలో పాత బరువే తిరిగి వచ్చి కూర్చుంటుంది. అక్కడ పెట్టడానికి మేం గట్టిగా చెప్పేది ఒక్కటే: ఆదివారం సాయంత్రం పదిహేను నిమిషాలు.

నాలుగు కొవ్వొత్తులు గుండ్రంగా అమర్చండి. మొదటి ఆదివారం ఒకటి, రెండో ఆదివారం రెండు, అలా వెలిగించాలి. ఇది 1839లో జర్మనీలోని హాంబర్గ్‌లో యోహాన్ హిన్రిక్ విఖెర్న్ అనే పాస్టరు, తాను నడుపుతున్న గృహంలోని పేద పిల్లలు క్రిస్మస్‌కు ఎన్ని రోజులుందో లెక్కపెట్టుకోవడానికి ఒక చక్రం మీద కొవ్వొత్తులు అమర్చడంతో మొదలైంది. రోజూ ఎదురుచూసే పిల్లల కోసం పుట్టినది కాబట్టే ఇప్పటికీ పిల్లల దగ్గర బాగా పనిచేస్తుంది. రోజూ సాయంత్రం పది నిమిషాలు వెలిగించాలనుకుంటే మొదటి కొవ్వొత్తి నాలుగు వారాల్లో 280 నిమిషాల దాకా వెలుగుతుంది. సన్న కొవ్వొత్తి గంటకు సుమారు రెండు మూడు సెంటీమీటర్లు తరుగుతుంది, కాబట్టి 20 సెంటీమీటర్లకు తగ్గనిది తీసుకోండి. చుట్టూ పచ్చి ఆకులు అలంకరిస్తే రెండో వారానికి ఎండి గలగలమంటాయి, మూడో వారంలో వాటికి సులువుగా నిప్పంటుకోవచ్చు. ఆకులు వారం వారం మార్చండి, లేదా అసలు పెట్టకండి. కింద లోహపు పళ్లెం ఉండాలి. కర్టెన్లు, కాగితాలు 30 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. పెద్దవాళ్లు గదిలోంచి లేస్తే దీపం ఆర్పేసే లేవాలి.

ఆ వెలుగులో చదవడానికి క్రిస్మస్ కథ ఒకేచోట లేదు. బైబిలులో మత్తయి సువార్త మొదటి రెండు అధ్యాయాల్లోనూ లూకా సువార్త మొదటి రెండు అధ్యాయాల్లోనూ పంచి ఉంది, అన్నీ కలిపితే 180 వచనాలు. అంతా ఒకే రాత్రి వినిపిస్తే పిల్లలకు నక్షత్రం, గొర్రెలు తప్ప ఏమీ మిగలవు. మొదటి ఆదివారం లూకా 1:5–25, ముసలి జెకర్యా మూగవాడు కావడం. రెండోది 1:26–38, మరియకు గబ్రియేలు కనిపించడం. మూడోది 1:39–56, ఎలీసబెతు ఇంట్లో మరియ పాడిన పాట. నాలుగోది మత్తయి 1:18–25, యోసేపు కల. 24 రాత్రి లూకా 2:1–20. జ్ఞానులను మాత్రం ఆ రాత్రికి తేవద్దు, వాళ్ల కథ మత్తయి 2:1–12 జనవరి 6కు ఉంచండి. చదివాక వివరించకండి. ఒక్క ప్రశ్న అడగండి, "జెకర్యా ఎందుకు నమ్మలేకపోయాడంటావు?" లాంటిది, జవాబు వచ్చినా రాకపోయినా ఒక పాట పాడి ముగించండి. పదిహేను నిమిషాలు దాటితే పిల్లలు వచ్చే ఆదివారం బాత్‌రూమ్‌లో దాక్కుంటారు. ఒక వారం తప్పిపోతే రెండు వారాలవి కలిపి చదవకండి, తప్పినదాన్ని వదిలేసి ఆ వారానిది అందుకోండి.

యేసు పుట్టుకను చూపించేలా ఇంట్లో పెట్టే పశువుల పాకకు కొత్త బొమ్మలు కొనే పని లేదు. 1223లో ఇటలీలోని గ్రెచ్చో ఊళ్లో అసిసీ ఫ్రాన్సిస్ అనే సన్యాసి పెట్టించినదానిలో ఉన్నవి తొట్టి, గడ్డి, ఒక ఎద్దు, ఒక గాడిద. అది చాలు. అసలు లూకాలో ఎద్దూ గాడిదా లేవు. యెషయా 1:3లో ఎద్దు తన కామందును ఎరుగును అన్న వచనం నుంచి ఆ రెండూ పాకలోకి వచ్చాయి. మత్తయి కూడా జ్ఞానులు ముగ్గురని చెప్పలేదు, కానుకలు మూడు రకాలని మాత్రమే చెప్పాడు. ఇలాంటివి తొమ్మిదేళ్ల పిల్లలకు భలే నచ్చుతాయి, వెతికి చూడమని బైబిలు వాళ్ల చేతికే ఇవ్వండి. తొట్టి 24 రాత్రి దాకా ఖాళీగా ఉండాలి. జ్ఞానుల బొమ్మలను ఇంట్లో పాకకు అన్నిటికన్నా దూరంగా, పుస్తకాల అర మీదో కిటికీలోనో పెట్టి, రోజూ ఒక పిల్లాడు కాస్త దగ్గరికి జరపాలి. జనవరి 6న చేరతారు. 25 మధ్యాహ్నం కూడా ఆ జ్ఞానులు ఇంకా దారిలోనే ఉంటారు కాబట్టి "ఇంతేనా" అన్న ప్రశ్నకు చోటు ఉండదు.

ఎవరికైనా తెలియకుండా చేసిన మేలుకు ఒక గడ్డిపరక చొప్పున తొట్టిలో వేయడం పాత అలవాటు, బాగుంటుంది కూడా. చెడేది ఎక్కడంటే, ఎవరు ఎన్ని వేశారో లెక్క మొదలైనప్పుడు. అన్నీ ఒకే రంగు గడ్డి, పేర్లు రాయడం లేదు, చేసింది చెప్పడం లేదు. పెద్దవాళ్లు కూడా వేయాలి.

వంట సంగతి సూటిగానే చెబుతాం. ఇద్దరు ఆడవాళ్లు పొయ్యి దగ్గర నిలబడి ఉండగా ఆ పండుగను సరళమైనదని ఎవరూ అనకూడదు. 25న పొయ్యి మీద కొత్తగా వండేది ఒక్క ముఖ్యమైన వంటకమే ఉండాలి. తీపి, పచ్చడి లాంటివి 23నే తయారవాలి. 24 సాయంత్రం వంటగది మూసేయండి, రాత్రి ఆరాధన ఉంటుంది కదా. మిగతావి వచ్చేవాళ్లు తేవాలి, కానీ "ఏదైనా తీసుకురండి" అంటే అందరూ తీపే తెస్తారు. ఎవరు ఏది, ఎంతమందికి సరిపడా అన్నది పేరుపేరునా చెప్పండి. 17 మందికి పదిహేను రకాలు వద్దు, ఐదు రకాలు సమృద్ధిగా ఉంటే చాలు. భోజనాలయ్యాక గిన్నెలు కడిగేది వండనివాళ్లు. ఇది ఆ రోజు అడిగితే ఎవరూ లేవరు, రెండు వారాల ముందు ఇద్దరు మగవాళ్ల పేర్లు ఆ గళ్ల కాగితంలో రాసి పెడితే లేస్తారు.

ఇతరులకు ఇవ్వాలనుకునేది కానుకలు కొనకముందే పక్కకు తీయండి. మిగిలినదాంట్లోంచి ఇద్దామంటే ఏమీ మిగలదు. వృద్ధాశ్రమాలకూ పిల్లల గృహాలకూ డిసెంబరులో చాలామంది ఒకేసారి వస్తారు, ఫిబ్రవరిలో తలుపు తట్టేవారు తక్కువ. ముందుగా ఫోన్ చేసి వాళ్లకు ఏది అవసరమో, ఎప్పుడు అవసరమో అడిగి, ఆ నెలలోనే ఇవ్వండి. పిల్లల్ని తీసుకెళ్తే ఫొటోలు తీయొద్దు.

మీ అత్తయ్యగారి సంగతికి వద్దాం. "ఏం చేస్తాంలే" అన్నది పండుగ వద్దన్నట్టు కాకపోవచ్చు. ఏం చేయాలో ఆలోచించే శక్తి ఇప్పుడు ఆమెకు ఉండకపోవచ్చు. కాబట్టి "ఏం చేద్దాం అత్తయ్యా" అని మొత్తం ఆమె మీద పెట్టకండి. చిన్న ప్రశ్నలు, రోజుకొకటి అడగండి. నక్షత్రం ఎవరు కట్టాలి? భోజనానికి ముందు మామయ్యగారు చేసే ప్రార్థన ఎవరు చేస్తే బాగుంటుంది? ఆయన కుర్చీ అక్కడే ఉంచుదామా, బల్ల వేరేలా వేద్దామా? ఆయన చేసే పనుల్లో ఒకటి మనవలకు అప్పగించవచ్చు, ఒకటి ఈ ఏడాదికి ఎవరూ చేయకుండా వదిలేయవచ్చు. రెండూ ఆయన్ను తలచుకోవడమే.

25న అందరూ కూర్చున్నాక మొదటి ప్రార్థనలోనే ఆయన పేరు పైకి చెప్పాలి. ఎవరూ ఎత్తకపోతే ప్రతివారూ ఆ పేరును తప్పించుకుంటూ మాట్లాడతారు, ఆ బరువంతా ఆమె మీదే పడుతుంది. ఆయన గొంతు ఉన్న వీడియోలు మాత్రం ఆమెను అడగకుండా పెట్టకండి. మధ్యలో ఆమె లేచి లోపలికి వెళ్లిపోతే ఎవరూ వెంటపడి ఓదార్చవద్దు, పక్కన ఊరికే కూర్చునే ఒక మనిషిని ముందే అనుకోండి. సమాధి దగ్గరికి 24న హడావిడిగా వెళ్లి రావడం కన్నా 26నో 27నో వెళ్తే ఎంతసేపైనా ఉండవచ్చు.

ఆ రోజుల్లో చదవడానికి లూకా 2:22–40 మిగిలి ఉంది. దేవాలయంలో పసిబిడ్డను ఎత్తుకున్న ముసలి సుమెయోను, పెళ్లయిన ఏడేళ్లకే భర్తను పోగొట్టుకుని వృద్ధాప్యం దాకా ప్రార్థనలోనే గడిపిన అన్న అనే ప్రవక్త్రి, ఇద్దరూ అందులోనే ఉన్నారు. క్రిస్మస్ కథలో వృద్ధులకు దొరికిన చోటు అది, 25తో పండుగ ముగించేవాళ్లు అక్కడిదాకా రారు. ఆ భాగం చదవమని ఒక సాయంత్రం అత్తయ్యగారిని అడిగి చూడండి. వద్దంటే మీ బాబు చదువుతాడు, ఆమె పక్కన కూర్చుంటారు.

జనవరి 6 రాత్రి అలంకరణలు దించేటప్పుడు ఆ గళ్ల కాగితం తీసి, ఏది బాగా జరిగింది, ఏది కుదరలేదు, ఎవరికి ఏది నచ్చింది అన్నది నాలుగు వరుసల్లో రాయండి. పిల్లల చేత కూడా ఒక వాక్యం రాయించండి. కాగితాన్ని కవరులో పెట్టి, నక్షత్రం దాచే పెట్టెలో అన్నిటికన్నా పైన ఉంచండి. వచ్చే నవంబరులో పెట్టె తెరిస్తే ముందు అదే చేతికి తగలాలి.